తడి ఇసుక మీద మెటల్ డిటెక్టర్ ఆగకుండా మోగుతోంది: యంత్రం మార్చాలా, వాడే పద్ధతి మార్చాలా?

ప్రశ్న: ఉప్పల్ నివాసి

మిత్రులకు నమస్కారం. నేను హైదరాబాదులో ఉప్పల్ వైపు ఉంటాను. నా దగ్గర ఒకే ఫ్రీక్వెన్సీ మీద, పది కిలోహెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూగా పనిచేసే మధ్యస్థ ధర మెటల్ డిటెక్టర్ ఉంది. ఇంటి వెనుక ఖాళీ స్థలంలోని ఎర్రమట్టిలో నేనే పూడ్చి చూసిన ఇత్తడి తాళంచెవిని, వెండి పట్టీని, పది రూపాయల బిళ్ళను జానెడు లోతు దాకా తడబడకుండా చూపిస్తుంది. అత్తగారి ఊరు చీరాల కావడం వల్ల వాడరేవుకూ సూర్యలంకకూ వెళ్ళే అవకాశం తరచుగా వస్తూ ఉంటుంది కాబట్టి, అక్కడ దీన్ని సరదాగా వాడుకోవచ్చనుకున్నాను.

పొడి ఇసుకలో ఏ ఇబ్బందీ లేదు. అలలు వచ్చి వెనక్కి వెళ్ళే తడి ఇసుకలోకి అడుగుపెట్టగానే మాత్రం యంత్రం ఆగకుండా మోగడం మొదలుపెడుతుంది. తెర మీద అంకెలు పలుచటి రేకు చూపించే స్థాయిలోనే ఎగిరెగిరి పడుతుంటాయి. కాయిల్‌ను, అంటే నేల మీద ఆడించే తీగచుట్టను, పైకెత్తినా మోత, దించినా మోత. అల తాలూకు పలుచటి నీటిపొర పాదాల మీదుగా పారిందంటే ఇక చెప్పనక్కరలేదు. డిస్క్రిమినేషన్, అంటే అక్కరలేని లోహాలను వినిపించకుండా చేసే సర్దుబాటు, పెంచితే శబ్దం ఆగిపోతోంది గాని, అప్పుడు నా ఉంగరాన్నే ఇసుకలో బెత్తెడు లోతున పెట్టినా యంత్రం పలకడం లేదు. కొన్న దుకాణంలో బల్ల మీద పెట్టి చూసి, ఏ లోపమూ లేదన్నారు.

ఇలా ఎందుకు జరుగుతోంది? సెట్టింగులు మార్చుకుంటే సరిపోతుందా, లేక ఉప్పునీటి తీరానికి వేరే రకం యంత్రమే కావాలా? పోగొట్టుకున్న నగో, పాత నాణెమో నిజంగా దొరికితే చట్టప్రకారం ఏం చేయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

మీ యంత్రం చక్కగానే పనిచేస్తోంది. ఉప్పునీరు నిజంగానే విద్యుద్వాహకం కాబట్టి, అది తనకు కనిపించినదాన్నే మీకు చెబుతోంది.

కాయిల్ నుంచి వెలువడే మారుతున్న అయస్కాంత క్షేత్రం, విద్యుత్తు ప్రవహించగల ఏ పదార్థంలోనైనా సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ ప్రవాహాలు తిరిగి పుట్టించే బలహీనమైన క్షేత్రాన్ని రెండో చుట్ట అందుకుంటుంది. పంపిన సంకేతానికీ అందుకున్న సంకేతానికీ మధ్యనున్న ఆలస్యాన్ని, అంటే దశాభేదాన్ని కొలిచి, కింద ఉన్నది ఇనుమా, పలుచటి రేకా, వెండా అని యంత్రం అంచనా వేస్తుంది. సముద్రపు నీటి వాహకత మీటరుకు సుమారు 5 సీమెన్స్ కాగా, రాగి వాహకత మీటరుకు 5.8 కోట్ల సీమెన్స్. కోటి రెట్ల తేడా ఉన్నప్పుడు ఉప్పునీరు లెక్కలోకే రాకూడదని అనిపించడం సహజమే గాని, నాణెం జానెడు లోతున ఉన్న చిన్న బిళ్ళ. తడి ఇసుక అలా కాక కాయిల్‌కు అంగుళం దూరంలో మొదలై నాలుగు వైపులా, కిందికీ విస్తరించిన పెద్ద రాశి. వాహకతలో తక్కువైనదాన్ని పరిమాణమూ దగ్గరితనమూ పూడ్చేస్తాయి. పొడి ఇసుకలో ఉప్పు లేక కాదు. గింజల మధ్య నీరు లేనప్పుడు అయాన్లకు కదిలే దారి ఉండదు కనుక యంత్రానికి ఆ ఉప్పు తెలియదు.

మీ ఉంగరం పలకకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. బలహీన వాహకమైన తడి ఉప్పు ఇసుక ఇచ్చే దశాభేదమూ, పలుచటి రేకు, సన్నని బంగారు వస్తువు ఇచ్చే దశాభేదమూ పక్కపక్కనే ఉంటాయి. ఉప్పును వినిపించకుండా చేయడానికి డిస్క్రిమినేషన్ పెంచినప్పుడు మీరు వెతుకుతున్న బంగారాన్ని కూడా కలిపి కోసేస్తున్నారు. అందుచేత తడి ఇసుకలో డిస్క్రిమినేషన్ చివరి దాకా తాకకుండా ఉంచవలసిన మీట అని నా అభిప్రాయం.

ఇక గ్రౌండ్ బ్యాలెన్స్ సంగతి. అది మొదట రూపొందింది నేలలోని ఇనుప ఖనిజాలను, ముఖ్యంగా మాగ్నెటైటును రద్దు చేయడానికి. మాగ్నెటైటు అయస్కాంతీకరణ చెందే పదార్థం, ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థం. ఈ రెండింటి దశలూ ఒకదానికొకటి చాలా దూరంలో ఉంటాయి. ఒకే ఫ్రీక్వెన్సీ గల యంత్రాన్ని ఈ రెండింటిలో ఏదో ఒకదానికి సర్దవచ్చు. రెండూ ఒకేచోట ఉంటే, ఒక్క సమీకరణంతో రెండు అజ్ఞాతాలను కనుక్కోమని విద్యార్థిని అడిగినట్టే అవుతుంది. రెండు మూడు ఫ్రీక్వెన్సీలను కలిపి పంపే యంత్రాలు తీరం మీద మెరుగ్గా ఉండటానికి కారణం ఇదే: ఉప్పు ప్రతిస్పందన ఫ్రీక్వెన్సీతో ఒక తీరుగా, మాగ్నెటైటు ప్రతిస్పందన మరో తీరుగా మారుతుంది గనుక రెండింటినీ విడదీసి తీసివేయడం వాటికి సాధ్యపడుతుంది.

మన తూర్పు తీరంలో ఈ రెండో అజ్ఞాతం చిన్నది కాదు. భీమునిపట్నం పరిసరాల ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్, సిల్లిమనైటు, జిర్కాన్ వంటి బరువు ఖనిజాలు నల్లని, ఎర్రని చారలుగా పేరుకుని ఉంటాయి. వాటితోపాటు మాగ్నెటైటు కూడా ఉంటుంది. సముద్రం లేని మన నగరంలోనే, బేగంపేటలో, ఈ తీర ఖనిజాలను అన్వేషించే అణు ఖనిజ సంచాలకాలయం ప్రధాన కార్యాలయం ఉండటం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. మీరు వెళ్ళే చోట మాగ్నెటైటు ఎంత ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, పొడి ఇసుకలో రెండు మూడు సార్లు లాగండి. కవరుకు నల్లని గింజలు గడ్డంలాగా అంటుకుని నిలబడితే అది మాగ్నెటైటు. ఇల్మెనైటు కూడా నల్లగానే ఉంటుంది గాని మామూలు అయస్కాంతానికి అంతగా అంటుకోదు, డిటెక్టరును కూడా అంతగా ఇబ్బంది పెట్టదు.

మరొక మాట. బంగాళాఖాతపు పైపొర నీరు అరేబియా సముద్రపు నీటి కంటే తక్కువ ఉప్పగా ఉంటుంది. వానాకాలం చివరలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహంలో కలిసి వస్తున్నప్పుడు ఆ ఉప్పదనం మరింత తగ్గుతుంది. అందువల్ల మే నెలలో కుదిరిన సర్దుబాటు నవంబరులో కుదరకపోవచ్చు. వెళ్ళిన ప్రతిసారీ, వెళ్ళిన ప్రతి చోటా గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్ళీ చేసుకోవలసిందే.

జవాబు: రేవు దారి

నేను విశాఖలో పెరిగి, ఉద్యోగరీత్యా కూకట్‌పల్లిలో ఉంటున్నాను. మాస్టారు కారణం చెప్పారు కాబట్టి నేను చేతిపని వరకే చెబుతాను.

మొదట సెన్సిటివిటీని సగానికి తగ్గించండి. లోతు తగ్గిపోతుందని చాలామంది దీనికి ఒప్పుకోరు. అయితే మోత మధ్యలో వినబడని లోతు వల్ల ప్రయోజనం ఏమీ లేదు, నిశ్శబ్దంగా నడిచే యంత్రం నాలుగు వేళ్ళ లోతులో చూపించేదే చేతికి దక్కుతుంది. తరువాత తడి ఇసుకలోనే, కింద లోహం లేని చోట నిలబడి, కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి. మీ యంత్రంలో ఆ సదుపాయం ఉప్పు స్థాయి దాకా వెళ్ళేది అయితే మోత చాలావరకు తగ్గుతుంది. వెళ్ళకపోతే కాయిల్‌ను నేలకు ఆనించకుండా రెండు మూడు వేళ్ళ ఎత్తులో, ఆ ఎత్తు మారకుండా నడిపించండి. మోత పుట్టేది ఉప్పు ఉండటం వల్ల అనేకంటే, కాయిల్ కింద ఉప్పు ఎక్కువ తక్కువలు కావడం వల్ల అనుకోవాలి.

అందుకే నడిచే దిశ కూడా ముఖ్యం. నీటి వైపు నుంచి గట్టు వైపుకు కాయిల్ ఊపితే ప్రతి ఊపులోనూ అది తడి నుంచి పొడికి, పొడి నుంచి తడికి దాటుతుంది. యంత్రం దృష్టిలో అది ప్రతిసారీ కొత్త నేల. ముఖం సముద్రం వైపు పెట్టి నిలబడితే మీ ఊపు నీటి అంచుకు సమాంతరంగా సాగుతుంది, ఒక ఊపంతా ఒకే తడి మీద నడుస్తుంది. ఒక వరుస పూర్తయ్యాక ఒక్క అడుగు ముందుకు వేయండి. అల నీరు పారుతున్నప్పుడు కాయిల్ పైకెత్తి ఆగండి, నీరు ఇంకిపోయాక కొనసాగించండి. ఊపు నెమ్మదిగా ఉండాలి. కాయిల్ తీగ కర్రకు గట్టిగా చుట్టి ఉండాలి, ఎందుకంటే వదులుగా ఊగే తీగ కూడా మోగుతుంది. సెల్‌ఫోనును జేబులోంచి తీసి సంచిలో పెట్టండి. చిన్న కాయిల్ ఉంటే తడి ఇసుకలో అదే వాడండి. దాని కింద ఇమిడే ఉప్పు ఇసుక తక్కువ.

సెట్టింగు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మీ ఉంగరాన్నే వాడండి, అయితే దానికి గట్టి నైలాను దారం కట్టి, దారం చివర మేకులాంటి పుల్లకు ముడివేసి మాత్రమే పూడ్చండి. ఒక్క అల వస్తే గుంట ఎక్కడుందో గుర్తు కూడా మిగలదు.

ఇక విదేశీ వీడియోలు చూసి ఇనుమును వినిపించకుండా చేసే సెట్టింగును అలాగే దింపుకునేవారికి ఒక హెచ్చరిక. మన రూపాయి బిళ్ళల్లో 1990ల నుంచి, రెండు రూపాయల బిళ్ళల్లో 2005 ప్రాంతం నుంచి వచ్చినవి చాలావరకు ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలువి. అయస్కాంతానికి అంటుకుంటాయి, డిటెక్టరుకు ఇనుములాగే వినిపిస్తాయి. ఇనుమును పూర్తిగా మూసేస్తే మన తీరంలో ఎక్కువగా దొరికే చిల్లరను కూడా మూసేసినట్టే. పది రూపాయల బిళ్ళకు వెలుపలి వలయం అల్యూమినియం కంచు కాబట్టి అది వేరుగా పలుకుతుంది. చిల్లర కోసం వంగడం ఇష్టం లేనివారికి ఈ బాధ లేదనుకోండి.

నగల విషయం ఇంకా చిత్రంగా ఉంటుంది. పూర్తి వలయంగా ఉన్న ఉంగరంలో సుడి ప్రవాహం చుట్టూ తిరగగలదు కాబట్టి, చిన్నదైనా గట్టిగా పలుకుతుంది. మెట్టె మాత్రం వేలికి సరిపోయేలా వంచుకోవడానికి వీలుగా వెనుక తెరిచి ఉంటుంది; ఆ సందు దగ్గర ప్రవాహం తెగిపోవడంతో, అంతే బరువున్న ఉంగరం కంటే మెట్టె బాగా బలహీనంగా వినిపిస్తుంది. గొలుసులో ఒక్కో కడీ ఒక్కో చిన్న వస్తువుగానే యంత్రానికి కనిపిస్తుంది గనుక, నాలుగు తులాల గొలుసు కూడా సన్నని కడీలదైతే తడి ఉప్పులో దాదాపు మౌనంగానే ఉండిపోతుంది. పుస్తెలతాడు పోయిందని ఎవరైనా వెతకమంటే నేను తాడు కోసం వెతకను, పుస్తెల కోసం వెతుకుతాను. అవి గట్టి బిళ్ళలు కాబట్టి వాటి శబ్దం వస్తుంది, తాడు వాటి వెంటే ఉంటుంది. నల్లపూసల గొలుసు అయితే కొక్కెం దగ్గర తప్ప దేనికీ పలకకపోవచ్చు.

వాడరేవు వంటి వేట రేవుల్లో వలలకు కట్టే సీసపు గుళ్ళు విపరీతంగా దొరుకుతాయి. వాటి శబ్దం స్పష్టంగా, స్థిరంగా, అచ్చం మంచి వస్తువులాగే ఉంటుంది, తవ్వకుండా తేల్చడానికి దారి లేదు. పడవ మేకులు, సీసాల మూతలు, మందుబిళ్ళల అట్టల రేకులు సరేసరి. తవ్విన చెత్తను తిరిగి ఇసుకలో వేయకుండా సంచిలో వేసుకుని వస్తే తరువాతి సారి మీకే పని తగ్గుతుంది. తోడడానికి చిల్లుల గరిట కావాలి, కొన్నవి ఖరీదైనవి. బాలానగర్‌లో రేకు పని చేసే ఏ షెడ్డులోనైనా ఎనిమిది పది మిల్లీమీటర్ల చిల్లులున్న స్టెయిన్‌లెస్ రేకుతో చేయించుకోవచ్చు. తడి ఇసుక బరువుకు పిడి దగ్గర అతుకు విడిపోతుంది కాబట్టి అక్కడ వెల్డింగు గట్టిగా వేయమని చెప్పండి.

జవాబు: లోతు

ఇంత శ్రమ ఎందుకండి? పల్స్ ఇండక్షన్ యంత్రం ఒకటి తీసుకుంటే ఉప్పు సమస్యే ఉండదు. అది నిరంతర తరంగానికి బదులు చిన్న చిన్న తటిల్లతల వంటి ప్రవాహాలను పంపి, పంపడం ఆపిన తరువాత లోహంలో మిగిలిన సుడి ప్రవాహం ఎంతసేపటికి చల్లారుతుందో చూస్తుంది. ఉప్పునీటిలో ప్రవాహం లోహంలో కంటే చాలా ముందే చల్లారిపోతుంది కాబట్టి, వినడం కొద్ది మైక్రోసెకన్లు ఆలస్యంగా మొదలుపెడితే చాలు, సముద్రం మాయమవుతుంది. మాగ్నెటైటు ఇసుక కూడా దాన్ని పెద్దగా బాధించదు. గారెట్ సీ హంటర్ వంటివి 200 అడుగుల నీటి లోతు దాకా పనిచేసేలా తయారవుతాయి.

జవాబు: రేవు దారి

మీరు చెప్పిన సూత్రం సరైనదే గాని, మన తీరాలకు ఆ సలహా ఇవ్వడానికి నేను వెనకాడుతాను. పల్స్ యంత్రం ఇనుమునూ ఇతర లోహాలనూ సరిగ్గా వేరుచేయలేదు. అంటే వాడరేవులో ప్రతి మేకునూ, ఆర్.కె. బీచిలో ప్రతి సీసా మూతనూ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వవలసిందే. జనం తక్కువగా తిరిగే శుభ్రమైన తీరంలోనో, నడుము లోతు నీటిలోనో దాని విలువ వేరు. పైగా ఉప్పు మాయమయ్యే ఆలస్యాన్ని ఎంత పెంచితే, త్వరగా చల్లారే సన్నని బంగారం కూడా అంత మాయమవుతుంది. కాబట్టి సన్నని గొలుసు సమస్య అక్కడా తీరదు.

కొనదలిస్తే బహుళ ఫ్రీక్వెన్సీ యంత్రమే ఉప్పల్ మిత్రునికి తగినది. మైన్‌ల్యాబ్ సంస్థ ఈ పద్ధతిని 1990ల తొలినాళ్ళ నుంచి వాడుతోంది. 2018లో వచ్చిన ఈక్వినాక్స్ 600, 800 యంత్రాల్లో తడి ఇసుకకు ఒకటి, నీటిలోకి దిగడానికి ఒకటి చొప్పున రెండు బీచ్ మోడ్‌లు ఉన్నాయి, అవి 3 మీటర్ల లోతు దాకా తట్టుకుంటాయి. 2022లో వచ్చిన నోక్టా లెజెండ్ కూడా అలాంటిదే, అదీ 3 మీటర్లకే. ధర తక్కువని మైన్‌ల్యాబ్ వారిదే అయిన వాన్‌క్విష్ తీసుకునేవారు ఒకటి గమనించాలి: దాని కాయిల్ ఒక మీటరు నీటిలో మునగవచ్చు గాని, తెర ఉండే డబ్బా మునగకూడదు. మోకాలి లోతులో నిలబడినప్పుడు వెనుక నుంచి ఒక పెద్ద కెరటం వస్తే అది పూర్తయినట్టే. వాడిన తరువాత ఏ యంత్రాన్నైనా మంచినీటితో కడగాలి, కాయిల్ కింది మూత విప్పి లోపల చేరిన నల్ల ఇసుకను దులపాలి. ఆ ఇసుకలో మాగ్నెటైటు ఉంటే అది కాయిల్‌తోపాటే తిరుగుతూ లేని శబ్దాలు పుట్టిస్తుంది.

అయినా ఏడాదిలో కొద్దిసార్లు అత్తగారి ఊరు వెళ్ళినప్పుడు మాత్రమే వాడేవారు, ఉన్న యంత్రాన్ని పొడి ఇసుకకు పరిమితం చేసుకుంటే నష్టం లేదు. కుటుంబాలు కూర్చునేది, చెప్పులు విప్పి పెట్టేది, మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని చిల్లర తీసేది అంతా పొడి ఇసుకలోనే. తడి ఇసుకలోకి దిగాలంటే ఆటు సమయం చూసుకోండి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు ఉంటాయి, మరుసటి రోజుకు అవి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఎక్కువ దూరం వెనక్కి తగ్గుతుంది. ఆ వేళలను, ఎత్తైన అలల హెచ్చరికలను ప్రకటించే ఇన్‌కాయిస్ కార్యాలయం మన ప్రగతినగర్ దగ్గరే ఉంది, వారి వెబ్‌సైటులో చూసి బయలుదేరవచ్చు. తుపాను తరువాత కెరటాలు ఇసుకను మెట్టులాగా కోసిన చోట, పైనున్న తేలిక ఇసుక కొట్టుకుపోయి బరువైన వస్తువులు అడుగున మిగులుతాయి. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత ఉప్పాడ తీరంలో గ్రామస్థులు ఏ యంత్రమూ లేకుండా చేతులతోనే ఇసుకను గాలించి చిన్న చిన్న బంగారు ముక్కలు ఏరుకున్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే హెచ్చరిక అమలులో ఉండగా మాత్రం వెళ్ళవద్దు. ఇంకొకటి, చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్ళు నేల మీద, వీపు సముద్రానికి పెట్టి నీటి అంచున పనిచేయవద్దు. రెండో మనిషి గట్టు మీద నిలబడి అలలను చూస్తూ ఉండాలి.

ఉప్పల్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. యంత్రం మార్చే ఆలోచన ప్రస్తుతానికి వాయిదా వేసుకున్నాను. మాస్టారు గారికి ఒక సందేహం: సముద్రం దాకా వెళ్ళకుండా, ఇక్కడ ఇంట్లోనే ఉప్పు ఇసుకను తయారుచేసుకుని సెట్టింగులు సాధన చేయవచ్చా? చట్టం గురించిన ప్రశ్న కూడా మిగిలే ఉంది.

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

చేయవచ్చు, కొన్ని పరిమితులతో. లోహపు పట్టీలు లేని పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో ఇల్లు కట్టే నది ఇసుకను నింపి, లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున ఉప్పు కరిగించి ఇసుక తడిసేదాకా పోయండి; సముద్రపు నీటిలోని ఉప్పు సుమారుగా అంతే. రాతిని పొడిచేసి చేసే ఇసుక వాడకండి, అందులో మన గ్రానైటు తాలూకు ఇనుప ఖనిజాలు కలిసి ఉండవచ్చు. తొట్టెను మేడ మీద పెట్టకండి, స్లాబులోని ఇనుప చువ్వలు అంతా పాడుచేస్తాయి. మట్టి నేల మీద, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. తీరంలోని ఉప్పు రాశితో పోలిస్తే తొట్టె చాలా చిన్నది కాబట్టి మోత అక్కడంత తీవ్రంగా ఉండదు. అయినా కాయిల్ తొట్టె అంచు దాటేటప్పుడు శబ్దం ఎలా మారుతుందో, ఎత్తు మారితే ఎలా మారుతుందో, సెన్సిటివిటీ ఎంతకు తగ్గిస్తే ఉంగరం వేరుగా వినిపిస్తుందో మీ చెవికి అలవాటవుతుంది. సాధన కోసమని తీరం నుంచి నల్ల ఇసుక సంచులతో తెచ్చుకోవద్దు. అందులోని మోనజైటులో థోరియం ఉంటుంది, 1962 నాటి అణుశక్తి చట్టం కింద అది నియంత్రిత పదార్థం.

జవాబు: పాత ఫైలు

రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. దొరికిన వస్తువు ఏ రకానిదో బట్టి చట్టం మారుతుంది.

నిన్నో మొన్నో ఎవరో పోగొట్టుకున్న ఉంగరం అయితే అది పోగొట్టుకున్నవారిదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను ప్రకారం, పరాయి వస్తువు దొరికి దాన్ని దగ్గర పెట్టుకున్న వ్యక్తికి, దాన్ని భద్రపరచమని అప్పగించుకున్నవారికి ఉండే బాధ్యతే ఉంటుంది. యజమాని కోసం తగిన ప్రయత్నం చేయకుండా సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరమవుతుంది. దగ్గరి పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం అన్ని విధాలా క్షేమం. యజమాని కోరి చేయించిన వెతుకులాట అయితే, బహుమానం ఇస్తామన్న మాట ముందే కాగితం మీద ఉంటే మంచిది. ఎందుకంటే యజమాని ప్రత్యేకంగా ప్రకటించిన బహుమానాన్నే మీరు కోర్టులో కోరగలరు గాని, పడ్డ శ్రమకు పరిహారం కోసం దావా వేయలేరు.

నేలలో దాగి ఉన్న పాత సొత్తు అయితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. దాని విలువ పది రూపాయలు దాటితే, అవును, ఇప్పటికీ పది రూపాయలే, దొరికిన వస్తువు వివరం, చోటు, తేదీ రాసి జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. సూర్యలంక, వాడరేవు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి కాబట్టి మీ విషయంలో అక్కడి కలెక్టరు. హైదరాబాదుకు తెచ్చి ఇక్కడ ఇవ్వడం కాదు. తెలియజేయకుండా దాచుకుంటే ఒక సంవత్సరం దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విచారణలో హక్కుదారులెవరూ లేరని తేలి, స్థల యజమాని వాటా కోరినప్పుడు, వారి మధ్య వేరే ఒప్పందం లేకపోతే కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు చెందుతుంది. కాబట్టి నిజాయితీగా చెప్పినవారు నష్టపోయేలా ఆ చట్టాన్ని రాయలేదు. నూరేళ్ళు దాటిన నాణేలు, విగ్రహాల వంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి, వాటిని రుద్ది శుభ్రం చేయడం, అమ్మడం చేయవద్దు.

రక్షిత కట్టడాల దగ్గర డిటెక్టరు తీయనే వద్దు. భీమిలి దారిలోని తొట్లకొండ వంటి బౌద్ధ క్షేత్రాల పరిసరాలకు, బందరు కోట ఆవరణకు ఇది వర్తిస్తుంది. మన ఊళ్ళలో గుప్తనిధుల తవ్వకాల కేసులు ఎంత తరచుగా నమోదవుతాయో అందరికీ తెలుసు, ఆ యంత్రం చేతిలో ఉన్న అపరిచితుణ్ణి చూసి గ్రామస్థులు అనుమానించడంలో తప్పు పట్టలేం. తీరానికి వెళ్ళిన వెంటనే మెరైన్ పోలీసు స్టేషనులో మీ పేరు, ఉద్దేశం చెప్పి, గుర్తింపు కార్డు చూపించి మొదలుపెట్టండి. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. దాని కంచె వైపు ఆ యంత్రం పట్టుకుని, ఇసుకలో ఎంత మంచి శబ్దం వినిపించినా సరే, వెళ్ళవద్దు.